డ్రైవర్ మూత

ఇంట్లో ఆఖరివాడు కాబట్టి అతన్ని చిన్నోడన్నారు. తల నెరిసినా, కళ్లజోడు మందమైనా ఆ పేరు మాత్రం వదల్లేదు. చేసే పనీ చిన్నదే. ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధట్యాంకుల నమూనాలు చేస్తాడు. వాటి చుట్టూ వేలెడంత సైనికుల్ని నిలబెట్టి, కూలిన గోడో, కాలిన చెట్టో పెట్టి, అంతా ఒక చెక్కపలక మీద అమరుస్తాడు. దాన్ని డయోరమా అంటారు. బురద కావాలంటే ప్లాస్టర్‌లో జల్లించిన టీపొడి కలుపుతాడు. తుప్పుకైతే ఎర్ర సుద్దపొడి. నెత్తురు జోలికి మాత్రం పోడు. నెత్తురు కనబడితే ఎవరూ కొనరు. చూసేవాళ్లకి యుద్ధం శుభ్రంగా ఉండాలి.

ఈసారి పని సైనిక మ్యూజియం వాళ్లది. చెయ్యాల్సింది ఎవరి ట్యాంకో కాదు, చిన్నోడి సొంత అన్న నడిపిన ట్యాంకు. అన్న అందులోనే పోయాడు. శవపెట్టెకు సీలు వేసి ఇంటికి తెచ్చారు, తెరవద్దన్నారు. గుండు తగిలి క్షణంలో ప్రాణం పోయిందనీ, నొప్పి కూడా తెలిసి ఉండదనీ వదినకి చెప్పారు. ఇన్నేళ్లుగా మేడమీద గదిలో ఆవిడ కంటిమీద కునుకు పడుతోందంటే ఆ ఒక్క మాట వల్లే.

అది అబద్ధమని చిన్నోడికి తెలుసు. ఆ రోజు పక్క ట్యాంకులో ఉన్న మనిషి ఒకసారి వెతుక్కుంటూ వచ్చి, తాగి, ఏడ్చి, అంతా కక్కేసి వెళ్లాడు. చిన్నోడు ఆ మాటల్ని మింగేశాడు. మింగినవి అరగలేదు.

"లోపల పెట్టకురా," అంది వదిన పని మొదలుపెట్టిన రోజునే. "బయట నిలబెట్టు. ట్యాంకుకి చేరగిలబడి, చేతులు వదిలేసి... పని అయిపోయిందన్నట్టు."

అలాగేనని మాటిచ్చాడు. సన్న తీగతో ఎముకలు కట్టి, దానిమీద పుట్టీతో ఒళ్లు చేశాడు. పెళ్లి ఫోటో చూసి భూతద్దం కింద మొహం తీర్చాడు. వదిన ఆ భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వింది.

"బురదలో నిలబడ్డా చొక్కా మడత నలగలేదు మహానుభావుడికి. ఇంట్లోనూ ఇంతేగా."

చిన్నోడు చేసినవాటిల్లో అంత మంచి బొమ్మ లేదు.

మర్నాడు ప్రారంభోత్సవమనగా మధ్యాహ్నం మ్యూజియం పెద్దసారు చూడ్డానికొచ్చాడు. యుద్ధం అంటే ఆయనకి భలే ఇష్టం. ఎప్పుడూ వెళ్లలేదు కాబట్టి ఆ ఇష్టం చెక్కుచెదరలేదు.

"ఇదేంటయ్యా, వీరుడు బస్సుకోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు? చివరిదాకా ట్యాంకు వదల్లేదనే కదా పతకం ఇచ్చింది! ఈ బొమ్మ తీసెయ్. మూతలన్నీ మూసెయ్. ఫిరంగి శత్రువు వైపు తిప్పు. పొద్దున్నే వ్యాను పంపిస్తా. అన్నట్టు, నీ పేరు ఇత్తడి పలక మీద చెక్కిస్తున్నాం."

చిన్నోడి పేరు అంతవరకు కరెంటు బిల్లు మీద కూడా లేదు. "అలాగే సార్" అన్నాడు.

సారు వెళ్లాక బొమ్మ చేతిలో మిగిలింది. పాడైన బొమ్మల్ని పడేసే డబ్బా ఒకటుంది. తలలేనివాళ్లూ చేతుల్లేనివాళ్లూ అందులో కుప్పగా ఉంటారు. అన్నని అందులో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఎక్కడైనా దాచితే వదిన కంటపడుతుంది. అప్పుడు తట్టింది ఆ పాడు ఉపాయం. మూసేసిన ట్యాంకులో ఏముందో ఎవరు చూస్తారు? అన్న తన సీట్లో తాను ఉంటాడు. పారేసినట్టూ కాదు, సారు మాట కాదన్నట్టూ కాదు.

నిలబడ్డ మనిషి లోపల పట్టలేదు. మోకాళ్ల దగ్గర బ్లేడు పెట్టి కోశాడు. తీగ తెగకపోతే ప్లయర్‌తో నొక్కాడు. డ్రైవర్ కూర్చునే చోట అన్నని దించి, పైన మూతపెట్టి, అంచు చుట్టూ బ్రష్‌తో జిగురు నడిపించాడు. అది కాగితాలంటించే బంకలాంటిది కాదు. ప్లాస్టిక్‌ని కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేసేస్తుంది. ఇక ఊడదు.

తర్వాత సారు చెప్పినట్టు ఫిరంగి తిప్పాడు. గొట్టం సరిగ్గా డ్రైవర్ మూత మీదకొచ్చి ఆగింది.

చిన్నోడి చెయ్యి కూడా ఆగింది. "గొట్టం మూత మీదకొచ్చి బిగుసుకుపోయింది తమ్ముడూ," అన్నాడు అప్పుడు ఆ తాగొచ్చిన మనిషి. "మూత పైకి లేవలేదు. లోపల్నుంచి కొడుతూనే ఉన్నాడు. మేం వింటూనే ఉన్నాం. వెనక ఇంజను రాజుకుంటోంది, కాల్పుల్లో దగ్గరికి పోలేకపోయాం."

గొట్టాన్ని కాస్త పక్కకి జరపొచ్చు. జరిపితే శత్రువు వైపు ఉండదు. అలాగే వదిలేసి చేతులు తుడుచుకున్నాడు.

సాయంత్రం వాన పట్టుకుంది. కాసేపటికి కరెంటు పోయింది. ఛార్జింగ్ లైటు వెలుగులో గోడల మీద సైనికుల నీడలు మనుషులంత పొడుగయ్యాయి. గదినిండా థిన్నర్ వాసన, తడిమట్టి వాసన. వాటి అడుగున ఇంకో వాసన, సన్నగా. రబ్బరు కాలుతున్నట్టుంది. లేచి వైర్లన్నీ తడిమి చూశాడు. చల్లగా ఉన్నాయి.

టక్.

జిగురు ఆరుతోంది, ప్లాస్టిక్ బిగుసుకుంటోంది అనుకున్నాడు. ఇన్నేళ్ల అనుభవం కదా.

టక్... టక్.

జిగురు ఆరేటప్పుడు ఎప్పుడూ చప్పుడు రాలేదు. అదీ ఇన్నేళ్ల అనుభవమే.

ట్యాంకు మీద వేలు ఆనించాడు. వెచ్చగా ఉంది. వేలి కింద... లోపల్నుంచి... టక్.

వేలు వెనక్కి లాక్కున్నాడు.

"చిన్నోడా..." మెట్లమీంచి వదిన గొంతు, గుసగుసగా. "తలుపెవరో కొడుతున్నారు."

"ఎవరూ లేరు వదినా. వాన."

"వాన ఆగి ఆగి కొట్టదురా."

కొవ్వొత్తి పట్టుకుని దిగింది. బల్ల దగ్గరికొచ్చి చూసింది.

"మీ అన్నేడి?"

"బొమ్మా... సారు తీసుకెళ్లారు. వేరే అద్దాలపెట్టెలో పెడతారట..."

టక్. టక్. టక్.

వదిన ట్యాంకు వైపు చూసింది. తర్వాత బల్లమీద బ్లేడు పక్కన పడున్న వాటిని చూసింది. బూట్లతో సహా రెండు కాళ్లు. తీసి అరచేతిలో పెట్టుకుంది.

"తియ్యి," అంది.

"రాదు వదినా. కరిగి అతుక్కుపోయింది..."

"తియ్యిరా!"

ఫిరంగి పక్కకి తిప్పబోయాడు. అది వదులుగా తిరగాలి, అక్కడ జిగురే పెట్టలేదు. తిరగలేదు. గొట్టం విరిచేశాడు. మూత అంచులో బ్లేడు దూర్చాడు. బ్లేడు విరిగింది. ఇంకోటి తీశాడు. వేళ్లు కాలుతున్నాయి. లోపల చప్పుడు జోరైంది... ఇంకా జోరైంది... మూత ఊడి ఎగిరిపడింది.

చప్పుడు ఆగింది. గుప్పున కాలిన వాసన కొట్టింది. ప్లాస్టిక్‌ది కాదు.

చిన్న పట్టకారుతో అన్నని పైకి తీశాడు. చేతులు కిందికి వదిలేసినట్టు చేసిన బొమ్మ అది. ఇప్పుడు రెండు చేతులూ తలపైకి లేచి ఉన్నాయి. వేళ్లు లేవు. పుట్టీ అంతా అరిగిపోయి తీగ కొసలు బయటపడ్డాయి. ఆ కొసలు తళతళమంటున్నాయి. మూత లోపలివైపు రంగంతా గీసుకుపోయి ఉంది.

వదిన బొమ్మని భూతద్దం కింద పెట్టి చూసింది. ఈసారి ఏడవలేదు.

"క్షణంలో పోయాడన్నారు."

చిన్నోడు విరిగిన బ్లేడు ముక్కలు ఏరసాగాడు.

"ఎంతసేపు కొట్టాడు?"

"...చీకటిపడేదాకా అన్నాడు, పక్క ట్యాంకతను."

"నీకు తెలుసన్నమాట." అరుపు కాదు, తిట్టు కాదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. "తెలిసే మళ్లీ పెట్టావన్నమాట."

పేరు చెక్కిస్తామన్నారు వదినా అని చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

టక్.

ఇద్దరూ ట్యాంకు వైపు చూశారు. అది నోరు తెరుచుకుని పడుంది. అన్నేమో వదిన అరచేతిలో ఉన్నాడు.

టక్... టక్.

వదిన లేచి వీధి తలుపు తీసింది. ఎవరూ లేరు. కిటికీలు తీసింది. బీరువా తీసింది. వంటింట్లోకెళ్లి ప్రతి డబ్బా మూతా తీసింది. ట్రంకుపెట్టె తాళం దొరక్కపోతే రోకలిబండతో పగలగొట్టింది. "వస్తున్నా... వస్తున్నా..." అని సణుగుతూ గది తర్వాత గది తిరిగింది. చిన్నోడు లైటు పట్టుకుని వెనకే నడిచాడు. జల్లు లోపలికి కొట్టి గచ్చంతా తడిసిపోయింది.

తెరవడానికి ఇంట్లో ఇంకేం మిగల్లేదు. ఇద్దరూ హాల్లో నిలబడి విన్నారు.

చప్పుడు ఆగలేదు. ఎక్కణ్ణుంచో తెలియడం లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం మాత్రం పెరుగుతోంది. అలసిపోయిన మనిషి మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టుగా.