నొక్కితే దగ్గు

సలోమి రాజోలు దగ్గర మిషన్ బడిలో పంతులమ్మ. తొంభై ఏడు వేసవిలో ఆమె మెడకి ఎడమ పక్కన నిమ్మకాయంత గెడ్డ తేలింది. అమలాపురంలో డాక్టర్ ప్రకాశరావుగారు దాన్ని వేళ్ళతో కదిపి చూసేరు. పక్కలకి కదిలింది గాని పైకీ కిందికీ కదల్లేదు. గట్టిగా నొక్కేరు. సలోమికి దగ్గు తెర వచ్చింది.

"అదే గుర్తమ్మా. కేన్సర్ కాదు, నరం మీద పుట్టిన గెడ్డ. తాటిముంజె పొర వలిచినట్టు నరం మీది పొర చీల్చి ఊడదీస్తాం. కాకపోతే ఆ నరం గొంతుకి పోయేది. మాట పోయినా పోవచ్చు."

పాఠం చెప్పుకు బతికేవాళ్ళకి మాటే కదా అన్నం!

తోడొచ్చిన ఆడపడుచు రత్నమాల మాత్రం నవ్వింది. "అది మా అమ్మ దగ్గు. పోల్చుకోలేదా వదినా?"

పోల్చుకుంది. ఏడాది కిందట అత్తగారు జయమ్మ వెనక గదిలో అలాగే దగ్గి దగ్గి పోయింది. ఆఖరి రోజున మంచినీళ్ళకి పిలుస్తుంటే, ఆ చప్పుడు భరించలేక సలోమి బయట గడియ పెట్టేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెలకువ రాగానే సలోమి తన పేరు తనే పలికి చూసుకుంది. మాట ఉంది!

"ఇక దగ్గు రాదాండీ?"

"నొక్కడానికి గెడ్డేదమ్మా?" అని నవ్వేరు డాక్టరుగారు.

ఆ రోజుల్లో తీసిన ముక్కని మందునీళ్ళ సీసాలో వేసి, కాకినాడలో పరీక్షకి ఇమ్మని ఇంటివాళ్ళ చేతికే ఇచ్చేవారు. రత్నమాల కిటికీ దగ్గర నిలబడి మూత తీసింది. వేలు ముంచింది. నొక్కింది.

మంచం మీద సలోమి దగ్గింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ దగ్గు... కుట్లు తెగిపోయేంత దగ్గు.

"వద్దు రత్నం..."

"ఏం? చప్పుడు భరించలేవా?"

మూత బిగించి బస్సెక్కింది.

పది రోజులకి కాకినాడ నుంచి కాగితం వచ్చింది. సీసాలో మందునీళ్ళు తప్ప ఏమీ లేవట.

బడి తెరిచేరు. హాజరు పిలవబోతే దగ్గు. పద్యం ఎత్తుకుంటే దగ్గు. సాయంత్రం రత్నమాల ఇంటికి రాగానే సలోమి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడ దాచేవే? నా నోటి దగ్గర కూడు తియ్యకే..."

రత్నమాల మొహంలో నెత్తురు చుక్క లేదు. "దాచలేదు వదినా. బైబిలు మీద ఒట్టు. బస్సు దిగి చూస్తే లేదు. భయపడి ఉత్త సీసాయే ఇచ్చేసి వచ్చేను..."

రెండు అరచేతులూ చాపి చూపించింది. ఖాళీ.

ఆ చేతులు అలా చాపి ఉండగానే సలోమికి దగ్గొచ్చింది.

ఒకసారి... రెండుసార్లు... మూడు.

ఆగింది.

వెనక గదిలో, లోపల, ఎవరో గడియ పెట్టుకున్నారు.

ఆ తలుపుకి లోపల గడియ లేదు.