మూల బారులో రెండో దీపం

ఆ వీధి మూల మీది పాత బారు ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. ఎదురు ఫుట్‌పాత్ ఎక్కి చుట్టు తిరిగి పోతారు. మూతబడ్డ ఆ బారులో రాత్రిపూట రెండు దీపాలు వెలిగి ఆరుతాయట... ముందు కౌంటరు దగ్గర, తర్వాత లోపల వంటగదిలో.

ఒకప్పుడు ఆ వీధికి నిద్రంటే తెలీదు. డ్యూటీ దిగిన ప్రెస్సువాళ్లు, సినిమా హాలు గేట్‌కీపర్లు, గొంతు లేకపోయినా పాడి తీరే టాక్సీ డ్రైవర్లు... అందరూ అక్కడే చేరేవాళ్లు. ఆ సందడి మళ్లీ రాదు. మూసేవేళకు బారు నడిపే అక్క కౌంటరులో తన దీపం ఒకసారి ఆర్పి మళ్లీ వేసేది— ఇక ఇళ్లకు పోండి అని. వంటగదిలోంచి ఆమె భర్త, బావ, తన దీపం ఒకసారి ఆర్పి మళ్లీ వేసేవాడు— పొయ్యి కట్టేశాను, నువ్వూ రా అని. నిరుడు బావ పోయాడు. బారూ మూతబడింది.

అక్కకు ఒక్కడే తమ్ముడు, ఎలక్ట్రీషియన్. అతనికి దెయ్యాల మీద నమ్మకం లేదు, మనుషుల మీద అసలే లేదు. అక్కను తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ బారు అమ్మేస్తే ఆమె మనసు కుదుటపడుతుందని అతని ఆశ. తీరా బేరాలు మొదలయ్యేసరికి ఈ దీపాల గోల! వచ్చినవాళ్లు వచ్చినట్టే జారుకున్నారు. చివరికి మందుల షాపాయన ఒక్కడు మిగిలాడు. ఈ గోల తేలకపోతే ఆయనా దక్కడు.

రేటు తగ్గించడానికి ఆయనే ఈ నాటకం ఆడిస్తున్నాడేమో! లేక పక్క షాపువాడు కరెంటు దొంగిలిస్తున్నాడా? అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఆ రాత్రి తమ్ముడు వెనక తలుపు గుండా వెళ్లి, వంటగదిలో ఎవరూ లేరని చూసి, ఆ వెనక తలుపుకు లోపల గడియ పెట్టాడు. మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ముందు గదిలో, బల్లల మీద బోర్లించిన కుర్చీల వెనక నక్కాడు.

చాలాసేపటికి... వీధి తలుపు తాళం తిరిగింది.

పగలగొట్టడం కాదు. తాళంచెవితోనే తీశారు!

అడుగులు నేరుగా కౌంటరు వెనక్కి వెళ్లాయి— అంత చీకట్లోనూ దేనికీ తగలకుండా. బ్యాటరీ లైటు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

ఆ వెలుగులో ముఖం చూసి అతను కొయ్యబారిపోయాడు.

"అక్కా... నువ్వా?"

ఆమె ఉలిక్కిపడలేదు. వేలు పెదవుల మీద పెట్టుకుంది.

అతనికి ఒళ్లు మండింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. "నీ బేరం నువ్వే చెడగొట్టుకుంటావా? ఇన్నాళ్లూ రెండు దీపాలూ నీ పనేనా?"

"ఇదొక్కటేరా నాది," గుసగుసగా అంది.

"మరి రెండోది?"

అక్క వంటగది వైపు చూసింది.

మూసిన తలుపు కింద నుంచి పచ్చటి వెలుగు నేల మీద పడింది... ఆరిపోయింది.

"పిలిస్తే పలికే మనిషి లోపల ఉండగా ఎలా అమ్మనురా?"

అతను జేబు తడుముకున్నాడు. ఫ్యూజు అందులోనే ఉంది.