నాన్న పెట్టనన్న సంతకం

ఆ ఉదయం కూడా నాన్న గ్లాసుని రెండు చేతులతో పట్టుకునే టీ తాగుతున్నాడు. చలేస్తోందేమో అనుకుంది కూతురు. హాస్టల్ నుంచి వచ్చి రెండు రోజులైనా, ఆ పిల్లకి తన పని తప్ప వేరే ధ్యాస ఉంటేగా.

యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చివరి ఏడాది. నాన్న బోర్డుల పెయింటర్. ఆయన రాసిన దుకాణాల బోర్డులన్నీ ఫోటోలు తీసి, ఆ అక్షరాలతో కంప్యూటర్లో ఫాంటు తయారుచేసింది. గీత వంకరపోయిన చోటల్లా ఎండకీ వానకీ రంగు చెదిరిందనుకుని, ఓపిగ్గా నున్నగా దిద్దింది. ఇక మిగిలింది అనుమతి పత్రం మీద ఆయన సంతకం. మధ్యాహ్నంలోగా పంపకపోతే ప్రాజెక్టు తీసుకోరు, ఏడాది పోయినట్టే.

"నాన్నా, ఒక్క సంతకం."

"పెట్టను."

"మొన్న ఫోన్లో సరేనన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. నా అక్షరాలు, నా ఇష్టం."

ఆమెకి ఒళ్లు మండింది. "నాకు తెలుసులే. బ్రష్షు పట్టకుండా అక్షరాలు చేస్తున్నానని నీకు మొదట్నించీ కడుపుమంట. కన్నకూతురు పైకొస్తుంటే ఓర్వలేని తండ్రిని నిన్నొక్కణ్ణే చూశాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"చెప్పేయండి. ఇంకెన్నాళ్లు దాస్తారు?"

"నువ్వూరుకో."

"ఇంకా ఏం ఊరుకోను? మూడేళ్లుగా నోరు కుట్టేసుకునే ఉన్నాను."

నాన్న గ్లాసు పక్కన పెట్టి పెన్ను అందుకున్నాడు. కుడి మణికట్టుని ఎడమచేత్తో అదిమిపట్టి రాయసాగాడు. మొదటి అక్షరం చివర గీత సన్నగా మెలికలు తిరిగింది. రెండోదీ అంతే.

ఆ మెలిక ఆమెకి బాగా తెలుసు. మూడు నెలలుగా చెరుపుతున్నది దాన్నే. ఎండావానా ఎక్కువ తిన్న పాత బోర్డుల మీద అది లేదు. తను కాలేజీలో చేరాక రాసిన వాటి మీదే ఉంది. ఆ సంగతి ఇప్పుడు తట్టింది.

"డాక్టరేమన్నాడు నాన్నా?"

"తగ్గే జబ్బు కాదన్నాడు. తెలిస్తే నువ్వు చదువు మానేసి వచ్చేస్తావని..." ఆయన సంతకం వైపు చూసుకున్నాడు. "చూడు, ఎంత అసహ్యంగా వచ్చిందో."

ఆమె ఆయన మోకాళ్ల మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని కంప్యూటర్ తెరిచింది. తను దిద్దిన అక్షరాలన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ మొదటి రూపానికి తెచ్చింది.

"అదేంటి తల్లీ, బాగున్నవాటిని పాడుచేస్తున్నావు?"

"ఇవి నీ అక్షరాలు నాన్నా. నేనెవర్ని దిద్దడానికి?"

నాన్న కుర్చీ దగ్గరికి జరుపుకుని తెరలోకి చూశాడు. ఒక అక్షరం దగ్గర ఆమె చేతిని ఆపాడు.

"మొదట వణికింది ఇదే. నిన్ను హాస్టల్లో దింపి వచ్చిన రోజు రాశాను. నీ మీద బెంగ వల్లేమో అనుకున్నాను."