మగ్గాలు లేని షెడ్డు

సాయంత్రం ఆరూ నలభైకి లింగమూర్తి ఆటో ఎక్కుతూ డ్రైవరుకు పోవాల్సిన దారి చెప్పాడు. పోకూడని దారి కూడా చెప్పాడు.

"వచ్చేటప్పుడు పాత ఖాతా గల్లీ నుంచి మాత్రం వద్దు భాయ్."

డ్రైవరు వెనక్కి తిరిగి, ఇతనికి మతిపోయిందా అన్నట్టు చూశాడు. "నేనెందుకు పోతాను?" అన్నాడు హిందీలో.

సూరత్‌లో మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. లింబాయత్‌లో తెలుగువాళ్ల గదులకు రెండు సందుల అవతల అలాంటి షెడ్డు ఒకటి మూతపడి ఉంది. మగ్గాలను ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు. చుట్టూ ఉన్నవన్నీ గోదాములు. పొద్దు గూకగానే తాళాలు వేసుకుని వెళ్లిపోతారు. గల్లీలో పిల్లి కూడా ఉండదు.

అప్పుడు ఆ షెడ్డులో మగ్గాలు నడుస్తాయి.

టకా టక్… టకా టక్… ఆగకుండా.

విన్నవాళ్లు తాగి విన్నవాళ్లు కాదు. లింగమూర్తితో పనిచేసే పరుశురాం విన్నాడు, వచ్చి జ్వరంతో పడుకున్నాడు. ఇంకో జతగాడు కమలాకర్ విన్నాడు, ఒక చెప్పు అక్కడే వదిలేసి వచ్చాడు. ఉరికినవా అని అడిగితే మాత్రం ఒప్పుకోడు. "ఉరకలే. జర జల్ది నడిసిన" అంటాడు. గల్లీ మొదట్లో ఉన్న పాన్ డబ్బావాడు నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు దండలు గుచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. పాన్‌ల కంటే అవే ఎక్కువ పోతున్నాయని చెబుతారు. నువ్వు విన్నావా అంటే, "నాకు వినే తీరిక ఎక్కడిది, బేరం ఉంది" అంటాడు.

ఈ షెడ్డు గురించి లింబాయత్‌లో చాలామంది చాలా రకాలుగా చెబుతారు. లింగమూర్తిది వాటిలో కోతలు తక్కువున్న కథ.

ఆ రోజు ఆటోలో అతని పక్కన భార్య వినోద ఉంది. ఇన్నేళ్లూ అతను ఇక్కడ మగ్గాల మధ్య, ఆమె సిరిసిల్ల దగ్గర ఊళ్లో బీడీల చాట ముందు. ఈ ఏడు బీడీల పని తగ్గింది. "వచ్చి చూస్త. నచ్చితే ఉంట, లేకుంటే ఆదివారం బస్సుకు ఎల్లిపోత" అని చెప్పి మరీ వచ్చింది.

నచ్చలేదు. లింగమూర్తి గది ఒక ఖాతా మీద ఉంది. కింద రాత్రీ పగలూ మగ్గాలు. గూట్లో గ్లాసులు వాటంతట అవే జరిగి అంచుకు వస్తాయి. లింగమూర్తి పసిపిల్లవాడిలా నిద్రపోతాడు. వినోద వచ్చినప్పటి నుంచి కన్ను మూయలేదు.

"నిద్ర లేని తావుల నేనుండ" అంది.

ఆమెతో మళ్లీ ఆ మాట అనిపించకూడదు. గది మార్చాలంటే వాళ్లకు దొరికే గదులన్నీ ఏదో ఒక ఖాతా పక్కనే. అందుకని ఊరు చూపిద్దామనుకున్నాడు — ఇన్నేళ్లలో తనకు ఇష్టమైన చోట్లన్నీ. ఒక్కసారి ఈ ఊరి తిండి తిన్నాక ఎవరైనా పోతారా అని అతని నమ్మకం.

మొదట లోచో బండి. మెత్తగా ఉడికిన శనగపిండిని గరిటెతో తోడి ప్లేటులో పెట్టి, పైన నూనె, కారం, సేవ్, తరిగిన ఉల్లిగడ్డ వేసి ఇచ్చారు. వినోద ప్లేటును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంది, ఇరిగిపోయిందా?"

"ఇరగలే. గిట్లనే ఉంటది."

"చెడిపోయినదాన్ని అమ్ముతున్రన్నమాట."

తన ప్లేటు ఖాళీ చేసింది. అతని ప్లేటులోది కూడా సగం తీసుకుంది. బాగుందని మాత్రం అనలేదు.

అక్కడి నుంచి తాపీ నది దాటి రాందేర్. ఆలూపూరీ బండి చుట్టూ జనం. చిన్న చిన్న పూరీలు, వాటి మీద బఠానీ కూర, పుల్లటి చట్నీ. లింగమూర్తి ఆ పులుపు గురించి, ఆ బండి నడిపే కుటుంబం గురించి, వానాకాలంలో ఇక్కడ తింటే ఉండే రుచి గురించి చెబుతూనే ఉన్నాడు. బండి దగ్గరున్న వాళ్లంతా తలెత్తి చూశారు.

"నేనీడనే ఉన్న. చెవుల అరవకు" అంది వినోద. "మన ఇంటి ముచ్చట్లు నది అవతలికి పోతున్నయ్."

"అరుస్తలేనే. మాట్లాడుతున్న."

"గదే. మగ్గాల కాడ మాట్లాడినట్టు."

తిరుగు దారిలో వంతెన మీద ఆటో ఆపించాడు. రాత్రి పూట ఇక్కడి గాలి కోసం జనం వస్తారని చెప్పాడు. కింద నీళ్లలో దీపాలు ఊగుతున్నాయి. వెనక బస్సులు, లారీలు, హారన్లు. వినోద కొంగును చెవుల మీదికి లాక్కుంది.

"ఇంత ఊర్ల సప్పుడు లేని జాగ ఒక్కటన్న ఉన్నదా?"

లింగమూర్తి నిజాయితీగా ఆలోచించాడు. చౌక్‌బజార్, ఉధ్నా, స్టేషన్, తాను తిరిగిన ప్రతి గల్లీ గుర్తు చేసుకున్నాడు. మనుషుల చప్పుడు లేనిది ఒక్కటే తేలింది, పాత ఖాతా గల్లీ. ఆటో ఎక్కమన్నాడు.

లింబాయత్ చేరేసరికి, పెద్ద రోడ్డును పైపుల కోసం అడ్డంగా తవ్వేసి ఉంది. డ్రైవరు ఆటోను పాన్ డబ్బా దగ్గర ఆపాడు. డబ్బా మూసి ఉంది.

"ఇక నడవండి. గల్లీ దాటితే మీ ఇల్లే" అన్నాడు. వాళ్లు దిగీ దిగగానే, ఆటోను తిప్పడానికి కూడా ఆగకుండా, వెనక్కే పోనిచ్చాడు.

గల్లీలో ఒక్క దీపం. షట్టర్లు… షట్టర్లు… చివర రేకుల కప్పుతో పొడుగాటి షెడ్డు.

లింగమూర్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయ్యాక రోడ్డు మీద ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. వినోద చెయ్యి వైపు చూసింది.

"ఏమైంది నీకు?"

"మాట్లాడకు… నడువు."

పదడుగులు వేశారో లేదో —

టకా టక్… టకా టక్…

లింగమూర్తి కాళ్లు ఆగిపోయాయి. చప్పుడు దూరంగా లేదు. చెవి పక్కనే ఉంది. అతనికి ఆ లయ తెలుసు. నిండు జోరు మీదున్న మగ్గాలు.

"ఇన… ఇనవడ్తున్నదా?" అన్నాడు గుసగుసగా. ఆ ఊళ్లో అతను గుసగుసలాడటం కూడా అదే మొదటిసారి.

వినోద తల కాస్త వంచి నిలబడింది. దీపం వెలుగులో ఆమె ముఖం కదల్లేదు. అతను లోపల దేవుళ్లందరినీ తలుచుకున్నాడు.

"ఏం ఇనవడాలె?" అంది.

"మగ్గాలు."

"మగ్గాల్లేవ్, ఏం లేవ్. సల్లగున్నది ఈడ."

ఆమె చెయ్యి విడిపించుకుని షెడ్డు తలుపు దాకా వెళ్లింది. అతను వెళ్లలేదు. వెళ్లనందుకు తర్వాత సిగ్గుపడ్డాడు కానీ, అప్పుడు మాత్రం వెళ్లలేదు. ఆమె సందులోంచి లోపలికి చూసింది. పక్కనే షెడ్డుకు ఆనించి కట్టిన రెండు చిన్న గదులు, వాటి మీద రేకు, ముందు నీళ్ల కుళాయి. కుళాయి తిప్పింది. నీళ్లు వచ్చాయి.

అతనికి చప్పుడు ఇంకా వినపడుతూనే ఉంది. "వినోదా… దా…"

ఆమె వెనక్కి తిరిగి అడిగింది. "ఈ అర్రలు కిరాయికిస్తరా?"

షెడ్డు యజమాని గుజరాతీ సేఠ్. సంగతి విని ముందు నవ్వాడు, తర్వాత అనుమానపడ్డాడు. "అన్నీ తెలిసే అడుగుతున్నారా?" అన్నాడు. షెడ్డు కథంతా తాను చెప్పేశానని, ఆమె అన్నీ తెలిసే అడుగుతున్నదని లింగమూర్తి చెప్పాడు. తనకు మాత్రం వద్దని చెప్పలేకపోయాడు. ఇల్లు వద్దంటే ఆదివారం బస్సు ఉంది.

సామాను తెచ్చే రోజు కమలాకర్, పరుశురాం గల్లీ మొదటి దాకా వచ్చి ఆగారు.

"అన్నా, ఆలోచించుకో" అన్నాడు పరుశురాం.

"నువ్వు ఆలోచించుకో తమ్మీ. మంచం ఆ కొస పట్టుకుంటవా, లేదా?" అంది వినోద.

"ఈడిదాక పట్టుకుంట వదినా."

"చెప్పు దొరికితే తెచ్చిస్త" అని కమలాకర్‌తో అంది. అతను కోపంగా మంచాన్ని ఇంకో నాలుగడుగులు మోసి దించేశాడు.

మొదటి రాత్రి వినోద ఒళ్లెరగకుండా పడుకుంది. లింగమూర్తి కళ్లు తెరుచుకుని గోడ వైపు చూస్తూ ఉన్నాడు. గోడ అవతల — టకా టక్… టకా టక్… ఏదో ఒక క్షణంలో తలుపు తెరుచుకుంటుందనుకున్నాడు. ఎవరో పేరు పెట్టి పిలుస్తారనుకున్నాడు. ఎదురుచూసి, ఎదురుచూసి, అలవాటు కొద్దీ నిద్రపోయాడు.

ఆదివారం బస్సు వెళ్లిపోయింది. వినోద మార్కెట్ నుంచి చీపురు కొనుక్కొచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు బస్తీ బడిలో చెవుల పరీక్ష శిబిరం పెట్టారు. మగ్గాల మీద పనిచేసేవాళ్లంతా వరసలో నిలబడ్డారు. కుర్ర డాక్టరు చెవులకు యంత్రం తగిలించి, ఒక్కొక్కరి దగ్గరా తల అడ్డంగా ఊపుతూ వచ్చాడు. లింగమూర్తి ధైర్యం చేసి షెడ్డు సంగతి అడిగేశాడు.

డాక్టరు శ్రద్ధగా విన్నాడు. "విన్నవాళ్లలో మగ్గం పని చేయనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

వరసలోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లేరు.

"చెవి దెబ్బతింటే, చప్పుడు లేని చోట అదే మోగుతుంది. మీ ఊరంతా చప్పుడే కాబట్టి మీకు తెలియడం లేదు. ఆ గల్లీ ఒక్కటే నిశ్శబ్దం. మీరు మీ చెవులను చూసి పారిపోయారు. ఆ చప్పుడు ఎప్పుడైనా ఆగుతుందా?"

"ఆగదు సార్. తెల్లారేదాక" అన్నాడు లింగమూర్తి.

"అంతే. దెయ్యమైతే కాసేపైనా విశ్రాంతి తీసుకునేది."

అందరూ నవ్వారు. కమలాకర్ నవ్వలేదు. చెప్పు పోయింది తన చెవుల వల్లా అని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

వినోద చెవులూ చూశారు. ఏ లోపమూ లేదని, చీమ నడిచినా వినపడే చెవులని డాక్టరు మెచ్చుకున్నాడు.

తిరిగి వస్తూ లింగమూర్తి ఆమెను కోల్డ్ కోకో దుకాణానికి తీసుకెళ్లాడు. చిక్కటి, చల్లటి చాక్లెట్ పాలు. గుండె మీద బరువు దిగినట్టుంది అతనికి. నవ్వుతున్నాడు.

"నువ్వు మొదటి దినమే చెప్పినవ్, సప్పుడు లేదని. నేను నమ్మలే" అన్నాడు.

వినోద గ్లాసు అడుగున మిగిలినదాన్ని చెంచాతో గీరుతోంది.

"ఉన్నదంటే నువ్వు అర్రలు కిరాయికి తీసుకుంటుంటివా?" అంది.

లింగమూర్తి గ్లాసు కింద పెట్టాడు.

"ఆడ… నీకు…"

"నీకు ఇనవడ్డట్టు కాదు. రెండే మగ్గాలు. ఒకదానికి మాటిమాటికి దారం తెగుతది, ఆపి ముడేసుకుంటరు." ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "మన పాత అర్ర కింద రాత్రంత నడిపేటోళ్లు. వీళ్లు పది కాంగనే బందు వెడ్తరు. మంచోళ్లు."