నాలుగో చక్రం

పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, వానాకాలం. ముసురు పట్టి వారం దాటింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో నా పాత పికప్ బండి నాలుగు చక్రాలూ ఊడి, చెక్క దిమ్మల మీద నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆ బండి కొండెక్కాలి. కొండమీది ఆస్పత్రిలో మా కోడలు ఆడపిల్లని కంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. పిడికెడంత ఉందని కొడుకు పక్కింటికి ఫోన్ చేసి చెప్పాడు. వానలకి బస్సులు ఆపేశారు. "రేపు పంపించేస్తారు, నువ్వే రా నాన్నా" అన్నాడు. ఎక్కడం పెద్ద పని కాదు. పసిగుడ్డుని ఒళ్లో పెట్టుకుని దిగడం ఉంది చూశారూ, అదీ పని. పైనించి కింద వంతెన దాకా ఒకటే దిగుడు. ఒక పక్క రాయి, ఒక పక్క ఏమీ లేదు.

బండి బ్రేకేమో నాలుగు రోజుల కిందటే పోయింది. గేటు దగ్గర తొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా దిగింది. స్తంభానికి ఆనుకుని ఆగాను. ముందు కుడి చక్రంలో రబ్బర్లు అరిగి ఆయిల్ కారిపోతోంది.

మా వీధి చివరి మెకానిక్‌ని అందరూ హారన్ అంటారు. మెల్లగా మాట్లాడటం అతనికి రాదు. గేటు దగ్గర నిలబడి అరిచాడు.

"పెద్దాయనా, నా షెడ్డుకి తోలుకురా, చేసిస్తా!"

"బ్రేకు లేని బండిని ఎలా తోలుకు రమ్మంటావు?"

"అయితే నేనే వస్తా!"

"నువ్వొస్తే నా చెవులు పోతాయి. రబ్బర్లు ఇచ్చి వెళ్లు."

"నీ మొండితనం పాడుగాను" అని నవ్వి, రబ్బర్లు, బ్రేకాయిల్ సీసా ఇచ్చి పోయాడు. వాటి కోసం మూడు దుకాణాలు తిరిగానని, అలాంటి సీసా మళ్లీ దొరకదని, పోతూ పోతూ వీధంతా వినిపించేలా చెప్పాడు.

రబ్బర్లు మార్చడానికి మధ్యాహ్నమంతా పట్టింది. అసలు పని ఆ తర్వాత. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. అది ఒక్కడివల్ల అయ్యేది కాదు. ఒకరు బండిలో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి. ఒకరు కింద పడుకుని, చక్రం దగ్గరుండే నిపిల్‌ని, అంటే గాలి వదిలే చిన్న మరని, పానాతో కొంచెం తిప్పాలి. దానికి తొడిగిన సన్న గొట్టంలోంచి ఆయిల్‌తో పాటు గాలి బుడగలు కింద పెట్టిన సీసాలోకి వస్తాయి. నిపిల్ బిగించాకే పైవాళ్లు కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది, చేసిందంతా బూడిదలో పోసినట్టే. అందుకే మాటలు పెట్టుకుంటారు. కిందవాడు "తొక్కు" అంటే పైవాళ్లు "పట్టా" అనాలి. "వదులు" అంటే "వదిలా" అనాలి. పెడల్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ. చివరికి ముందు కుడి, అంటే సరిగ్గా డ్రైవరు కాళ్ల కింద.

మా ఆవిడని ఎక్కించాను. పొట్టి మనిషి, సీటు మొత్తం ముందుకి జరిపితే గానీ కాలు అందలేదు.

"తొక్కు."

"పట్టా. ఏమయ్యా, పిల్లకి ఎవరి పోలికలు వచ్చాయట?"

"వదులు."

"వదిలా. నీ ముక్కు మాత్రం రాకూడదు. ఆడపిల్ల, బతకాలి."

మా ఆవిడ నోరు అలాంటిది. నిద్రలో కూడా ఎవరికో ఒకరికి సమాధానం చెబుతూ ఉండేది. వెనక ఎడమ చక్రం సగంలో ఉండగా మాటల్లో పడి ముందే కాలు తీసేసింది. సీసాలోని ఆయిల్ గొట్టంలోంచి సర్రున వెనక్కి పోయింది.

"మాటలు కట్టిపెట్టు!" అని కింద నుంచే అరిచాను. "చెప్పిన రెండు ముక్కలు చాలు."

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. అలిగిందనుకున్నాను.

చీకటి పడుతోంది. కరెంటు పోయింది. రేకుల మీద వాన మోత, పక్కనే ఎవరో కంకర కుమ్మరిస్తున్నట్టు. టార్చి బస్తా మీద పెట్టుకుని వెనక కుడి చక్రం కిందికి జరిగాను. పెడల్ తొక్కినప్పుడల్లా వెనకున్న బ్రేకు లైట్లు వెలిగి షెడ్డు గుమ్మం ఎర్రబడుతుంది. వదిలితే చీకటి. ఎరుపు, చీకటి, ఎరుపు.

"తొక్కు."

"పట్టా."

"వదులు."

"వదిలా."

బాగా చేస్తోంది. ముందుకంటే బాగా. నా నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే లైటు వెలుగుతోంది. కాలు ఎక్కడా వణకడం లేదు. ఎంతసేపు పట్టుకోమన్నా అదే బిగువు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడానికి మూలిగే మనిషి కదా అనుకున్నాను. బతిమాలుకుందామని "అలిగావా ఏమిటే?" అన్నాను.

జవాబు లేదు. వాన చప్పుడుకి వినబడి ఉండదులే అనుకున్నాను.

లేచి ముందుకెళ్లి బానెట్ కింద ఉండే బ్రేకాయిల్ డబ్బాలో ఆయిల్ పోశాను. బానెట్ ఎత్తి ఉంది, అద్దం కనిపించదు. అక్కడ ఒక వాసన తగిలింది. కొండ దిగే లారీల దగ్గర వచ్చే వాసన. బ్రేకు పట్టి పట్టి, లైనింగ్ మాడిపోయిన వాసన. నా బండి కదిలి నాలుగు రోజులైంది. చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. ఏ లైనింగ్ మాడుతుంది?

ముసురుకి ముక్కు చెడిందనుకున్నాను. ముందు ఎడమ చక్రం కిందికి దూరాను.

"తొక్కు."

"పట్టా."

నిపిల్ తిప్పాను. బుడగలు వస్తున్నాయి. తల పక్కకి తిప్పి బండి కింద నుంచి గుమ్మం వైపు చూశాను, ఊరికే.

గుమ్మంలో రెండు కాళ్లు ఉన్నాయి.

ఎర్రటి వెలుగులో తడిసిన కాళ్లు. ఎడమ చెప్పు పట్టీ తెగితే నేనే రాగి తీగతో కట్టాను. ఆ తీగ మెరుస్తోంది.

చెయ్యి దానంతటదే నిపిల్ బిగించేసింది.

"ఏమే... నువ్వు అక్కడేం చేస్తున్నావ్?"

"బాగుందయ్యా! పాలు పొంగుతాయి, వెళ్లొస్తానని చెప్పే కదా వెళ్లా. ఇదిగో, టీ తెచ్చా." గుమ్మంలోంచి వచ్చిందా గొంతు. రెండడుగులు ముందుకేసి ఆగింది. బండి వెనక అద్దంలోంచి లోపలికి చూసినట్టుంది. గొంతు తగ్గించి అడిగింది.

"ముందు కూర్చున్నదెవరు?"

లైట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నేను వదలమనలేదు కదా.

నా తల మీద, సీట్లోంచి, మా ఆవిడ గొంతు వచ్చింది.

"పట్టా."

గ్లాసు కింద పడి పగిలింది. కాళ్లు కదలలేదు. పాక్కుంటూ బయటికి వచ్చి ఆమె దగ్గరికి వెళ్లాను. మొహమంతా ఎరుపు. నోరు తెరిచి ఉంది. పెదాలు కదులుతున్నాయి. గొంతు నరాలు ఉబ్బుతున్నాయి. చప్పుడు లేదు... గాలి కూడా లేదు.

నా చొక్కా పట్టుకుని ఇంటివైపు లాగింది.

వెళ్లాల్సిందే. ఎవరైనా వెళ్తారు. నేను బండి వైపు చూశాను. ఇంకొక్క చక్రం. రబ్బర్లు మార్చింది దానికే, గాలంతా ఉన్నది అందులోనే. డబ్బాలో ఆయిల్ ఆ ఒక్కదానికే సరిపోతుంది. ఆమెని ఎక్కించి తొక్కించనా, చస్తే ఎక్కదు. హారన్‌ని పిలవనా, వీధిలో మోకాలి లోతు నీళ్లు. తెల్లారితే పిడికెడంత పిల్ల ఆ దారిన దిగాలి.

"ఇంట్లోకి పో" అన్నాను. "ఇంకొక్క చక్రం."

ఆమె తల అడ్డంగా ఊపింది. నా చెయ్యి వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని వెళ్లాను.

ముందు కుడి చక్రం... తలుపు పక్కనే పడుకోవాలి. పైకి చూడకూడదని ముందే అనుకున్నాను. పానాని చూడాలి, నిపిల్‌ని చూడాలి, గొట్టాన్ని చూడాలి. తలుపు సందులోంచి ఆ మాడు వాసన వేడిగా కిందికి దిగుతోంది. నుదుటి మీద ఏదో బొట్టు పడింది. గోరువెచ్చగా ఉంది. వాన నీరు కాదు. తుడుచుకోలేదు.

"వదులు" అన్నాను మెల్లగా.

"వదిలా."

"తొక్కు."

"పట్టా."

నిపిల్ తిప్పాను. బుడగలు. గుప్పెడు బుడగలు. బిగించాను. మళ్లీ. మళ్లీ. సీటు స్ప్రింగులు ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. మా ఆవిడ కూర్చున్నప్పుడు ప్రతి తొక్కుకీ కిర్రుమన్నాయి. గుమ్మం దగ్గర చెంపలు బాదుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఏడుస్తోంది. ఏడుపు వినిపించడం లేదు.

బుడగలు తగ్గాయి. ఒకటి... ఇంకోటి... తర్వాత తేనెలా తెగకుండా ఆయిల్ ధార. నిపిల్ గట్టిగా బిగించాను.

"వదులు."

జవాబు రాలేదు.

"వదులు... అయిపోయింది."

గుమ్మం ఎర్రగానే ఉంది. పైన ఎవరో ఊపిరి తీసుకున్నారు. మాట్లాడబోయే ముందు తీసుకునేంత ఊపిరి. మా ఆవిడ అలాగే తీసుకునేది, పెద్ద కబురు మొదలుపెట్టే ముందు. తీసుకుని... ఆగిపోయింది.

ఎంతసేపు అలా పడుకున్నానో తెలియదు. చివరికి లేచాను. హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. తలుపు లాగాను.

ఎవరూ లేరు.

ముందుకి జరిపిన సీటు వెనక గోడ దాకా జరిగి ఉంది. అక్కడ కూర్చుంటే నా కాలే పెడల్‌కి అందదు. పెడల్ మాత్రం కిందికి నొక్కి ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా పైకి లేచింది. గుమ్మం చీకటైంది.

పొద్దున్న వాన తెరిపిచ్చింది. చక్రాలు బిగించి కొండెక్కాను. తిరిగి వచ్చేటప్పుడు కోడలు నా పక్కన, పిల్ల ఆమె ఒళ్లో, కొడుకు వెనక. రెండో మలుపు దగ్గర రాళ్లు జారి దారికి అడ్డంగా పడ్డాయి. బ్రేకు తొక్కాను. బండి రాయికి జానెడు దూరంలో ఆగింది. ఏ పక్కకీ లాగలేదు. ఒళ్లో పిల్ల నిద్ర లేవలేదు.

"బ్రేకు బాగా కుదిరింది మావయ్యా" అంది కోడలు.

అవునన్నాను.

మాట పోయిన మా ఆవిడని తీసుకెళ్లని ఆస్పత్రి లేదు. గొంతులో తప్పేమీ లేదన్నారు, భయం అన్నారు, తగ్గిపోతుందన్నారు. నేను ముసలితనంలో రాత్రిబడికి పోయి అక్షరాలు దిద్దిన రోజుల్లో ఆమెనీ రమ్మని బతిమాలాను, రాలేదు. అందుకని ఆ సాయంత్రం వెనక అద్దంలోంచి ఏం చూసిందో రాసి చూపించడానికి కూడా లేకపోయింది. చేతులతో చెప్పమంటే మొహం తిప్పుకునేది. షెడ్డు వైపు కిటికీ మాత్రం తెరవనిచ్చేది కాదు.

ఆ బండి అమ్ముదామంటే కొడుకు ఒప్పుకోలేదు. పిల్ల బడికి వెళ్లే వయసొచ్చాక ఒక ఆదివారం వాడు ఒక్కడే షెడ్డులో ఏదో పని పెట్టుకున్నాడు. పట్టపగలు, ఎండ. నేనూ మా ఆవిడా ముందు గదిలో చిక్కుళ్లు ఒలుస్తున్నాం. వాడు మసి చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. కళ్లనిండా నీళ్లు, నవ్వు.

"నాన్నా! అమ్మ మాట్లాడింది! బ్రేకు గాలి తీస్తుంటే తనే వచ్చి పెడల్ తొక్కింది. పిల్ల ఎలా ఉందని అడిగింది నాన్నా, ఎంత ఎదిగిందని..."

అప్పుడు తలుపు పక్కన కూర్చున్న తల్లిని చూశాడు. ఆమె ఒళ్లో చిక్కుడు గింజలు.

పెరటి వైపు తిరిగి అడిగాడు.

"పిల్లేదీ?"

పిల్ల పెరట్లో ఆడుకుంటోంది. ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే బండిని తుక్కు కింద ఇచ్చేశాం.

మా ఆవిడ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. పోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.