నున్నటి వైపు

కరెంటు ఉండగానే పని ముగించాలని యర్రయ్య ఆ ఉదయం టిఫిను తినకుండానే వెళ్ళిపోయాడు. లత అనే పేటలో పాత రికార్డు ప్లేయర్లు బాగుచేసే దుకాణం ఆయనది. భార్య అచ్చమ్మ క్యారేజీలో మొహింగా, అదే చేపల పులుసు సేమ్యా, పోసుకుని, ఇల్లున్న తాకేటాలో బస్సెక్కి వెనకే వచ్చింది.

ఆయన, ఊ టిన్ గారు బాగుకిచ్చిన ప్లేయరు మీద వంగి ఉన్నాడు. రికార్డు తిరుగుతుంటే ముల్లున్న చెయ్యి దానంతటదే లోపలికి లాగుకుపోతుంది. ఆ లాగుడు తెలియాలంటే గాడులు లేని నున్నటి రికార్డు మీద ముల్లు దించి చూడాలి. చెయ్యి గబగబా మధ్యకు జారితే, పక్కనున్న చిన్న మీట తిప్పి బయటివైపు బలం పెంచాలి.

"సూడు, సెయ్యి ఎలా నిలబడిందో!" అన్నాడు మురిపెంగా.

అచ్చమ్మ చూసింది చేతిని కాదు, రికార్డు అంచున ఎగిరిపోయిన పెచ్చును. చిన్నప్పుడు తన చేతిలోంచి జారి పడిన గుర్తది.

"ఇది మాయమ్మ పాట కదేటి మావా?"

చనిపోయిన అమ్మ పాడిన ఒకే ఒక్క రికార్డు. ఒకవైపే పాట, రెండోవైపు నున్నన. నిరుడు అది పగిలిపోయిందన్నాడు. తను అన్నం ముట్టకుండా ఏడుస్తుంటే పక్కన కూర్చుని కళ్ళు తుడిచింది ఈయనే.

"నున్నటిది ఎక్కడా దొరకలేదే. ఒక్కరోజుకని తెచ్చాను. కిందనున్న పాట గీసుకుపోనాది. నీకు సెప్పడానికి బయమేసింది."

"అందుకని పగిలిందన్నావా? నా కళ్ళు తుడిసి, మర్నాడు మళ్ళీ దాన్నే తిప్పావా?"

"నాకు మాత్రం అత్త కాదేటే..."

"అత్తయితే, ఆవిడ నోరు కిందకెట్టి ఊరోళ్ళ ముళ్ళు సరిసేత్తావేటి?"

యర్రయ్య ముల్లు పైకెత్తి ప్లేయరు ఆపాడు.

"పాట వైపు వెయ్యి."

"ఏటీ మిగల్లేదే."

"మిగిలిందో లేదో నాను సూత్తాను."

రికార్డు తుడిచి తిరగేశాడు. ముల్లు దించాడు. బరబరమని రొద. దాని అడుగున ఎక్కడో ఒక గొంతు, ఒక పదం, మళ్ళీ రొద. ముల్లు గెంతింది. పాట ఏదో తెలియకుండానే అయిపోయింది. చివర మాత్రం గీత పడని చోట, రికార్డు చేసినవాణ్ణి అమ్మ నవ్వుతూ అడిగిన మాట స్పష్టంగా వినబడింది.

"బాగా వచ్చిందేటి బాబూ?"

యర్రయ్య బల్ల మీద తల ఆనించి భోరుమన్నాడు.

"రాలేదత్తా. నానే పాడుసేసినాను."

అచ్చమ్మ కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి.

"గట్టిగా సెప్పు మావా," అంది. "ఆవిడకి వినబడేలాగ సెప్పు."

ఆయన మళ్ళీ చెప్పాడు. అప్పుడు గాని ఆమె ఆయన పక్కన కూర్చోలేదు.