పొద్దుగూకేలోపు పచ్చగాజులు

“చెప్పకు భూమన్నా… పొద్దుగూకేదాక నా కోడలికి చెప్పకు! నీ కాళ్ళు మొక్కుత!”

పశువుల కొట్టం వెనక సత్యవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అడవిలో జరిగిన కాల్పుల్లో రాజమౌళి చనిపోయాడట! ఐదేళ్ళ కిందట అన్నల్లో కలిసిన ఒక్కగానొక్క కొడుకు… పక్కింటి భూమన్న కబురు తేగానే ఆమె భర్త వెంకటేశం శవాన్ని తేవడానికి జగిత్యాల దవాఖానకు బయలుదేరాడు. చీకటి పడేసరికి శవంతో జీపు తమ ఊరు మేడిపల్లికి వస్తుంది. వచ్చాక కోడలు నీల చేతులకు గాజులుండవు, నుదుట బొట్టుండదు.

ఆ గాజులే సత్యవ్వ గుండెను కోశాయి. పోయిన బతుకమ్మకు నీల పచ్చగాజులు అడిగితే, “మొగడు అడివిల తిరుగుతుంటే నీకు సోకులెందుకే?” అని కసిరింది తానే! పిల్ల అరిగిపోయిన రెండు గాజులతోనే బతుకమ్మ ఆడింది. ఆ మాటను కడుక్కోవడానికి ఇప్పుడు ఒక్క పూట మిగిలింది… ఒకే ఒక్క పూట! కన్నకొడుకు కోసం గుండెలు బాదుకోవలసిన తల్లి, ముఖం కడుక్కుని కోడలి ముందు నిలబడింది. పిచ్చితల్లి!

“మీ మామ సిరిసిల్లకు, నీ ఆడిబిడ్డ ఇంటికి పోయిండు. మనం కోరుట్ల పోదాం పా బిడ్డా… గట్ల బజారు తిరిగొద్దాం.”

నీల ఆమెను ఒక్క క్షణం చూసింది. “పోదాం అత్తా” అని చీర మార్చుకుని వచ్చింది.

ఒకప్పుడు బందులతో, భయంతో మధ్యాహ్నానికే తలుపులు మూసుకునే కోరుట్ల బజారు గుర్తుపట్టరానంతగా మారిపోయింది. రోడ్డు వెడల్పయింది. దుబాయి డబ్బుతో అద్దాల దుకాణాలు లేచాయి. పట్టపగలే ట్యూబులైట్లు! మగవాళ్ళు ఎడారిలో సంపాదిస్తుంటే ఆడవాళ్ళు ఇక్కడ బేరాలాడుతున్నారు. ఆ సందడిలో సత్యవ్వ కోడలి చెయ్యి వదలకుండా నడిచింది. నీల వద్దంటున్నా ఆకుపచ్చ చీర కొన్నది. గాజులాయన “ఎన్ని ఎయ్యాలవ్వా?” అంటే, “చేతుల నిండ ఎయ్యి. సందు కనవడద్దు!” అంది. ఒక్కో గాజు ఎక్కుతుంటే పంటి బిగువున కన్నీళ్ళు ఆపుకుంది.

“మీ ఆయన దుబాయి నుంచి అస్తుండా చెల్లె?” గాజులాయన నవ్వుతూ అడిగాడు.

“అవునన్నా… ఇయ్యాల్ల పొద్దుగూకేవరకు అస్తుండు” అంది నీల.

సత్యవ్వ ఉలిక్కిపడింది. తర్వాత, ఆయన నోరు మూయించడానికి పిల్ల ఆడిన అబద్ధమనుకుని సర్దుకుంది.

హోటల్లో పూరీలు, గులాబ్‌జామ్‌లు తెప్పించి అన్నీ కోడలి ముందుకే నెట్టింది. తన పళ్ళెం మాత్రం ముట్టలేదు.

“నువ్వు తినవేంది అత్తా?”

“నాకు ఆకలైతలేదు బిడ్డా. నువ్వు తిను.”

నీల పూరీ ముక్క తుంచి అత్త నోటి దగ్గర పెట్టింది.

“తిను అత్తా… ఇంటికి పోయినంక మనింట్ల పొయ్యి ముట్టియ్యరు.”

సత్యవ్వ చేతిలోని గ్లాసు ఒరిగి నీళ్ళన్నీ బల్ల మీద పారాయి.

“నీకు… నీకెట్ల తెలుసే?”

“భూమన్న చెప్తుంటే నేను కొట్టంల పెండ తీస్తున్న. అన్ని ఇన్న.”

“మరెందుకచ్చినవ్ బిడ్డా! తెలిసి తెలిసి ఆ గాజులెట్ల ఏయించుకున్నవే!”

“కొడుకు కోసం ఏడ్వాల్సినదానివి, నా కోసం మొఖం కడుక్కున్నవ్ గదా అత్తా… కాదని ఎట్లంటా?” నీల కొత్త గాజులు సవరించుకుంది. “ఐదేండ్లకు ఇంటికస్తుండు. నా చేతులు బోడిగ ఉంటే బాగుంటదా?”

సత్యవ్వ చుట్టూ జనమున్నారని మరచి కోడలిని గుండెలకు హత్తుకుని భోరుమంది. “నా కొడుకు అదృష్టం తక్కువోడే… నిన్ను ఇడిచిపెట్టి పోయిండు!”

హోటలతను వచ్చి బల్ల తుడిచి, గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసి వెళ్ళిపోయాడు.

జీపు కంటే ముందు ఇల్లు చేరాలి; చేరాక పొయ్యి వెలగదు. అందుకని ఇద్దరూ ఏడుస్తూనే, ఒకే పళ్ళెంలో తిన్నారు.